సంతకం చేయని జామీనుదార్లు

కొండ మీద ఎవరైనా చనిపోయారన్న వార్త వచ్చినప్పుడు మన ఇళ్ళలో రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, "రాత అలా ఉంది." రెండోది, "అక్కడికి ఎవరు వెళ్ళమన్నారు?" మొదటిది జాలి గలవాళ్ళ మాట. రెండోది తాము తెలివైనవాళ్ళమనుకునేవాళ్ళ మాట. పైకి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించినా ఈ రెండు మాటలూ చేసే పని ఒక్కటే. విచారణను అక్కడితో ఆపేస్తాయి. రాత అన్నాక అడగడానికి ఏమీ ఉండదు. పొగరు అన్నాక తెలుసుకోవడానికి ఏమీ ఉండదు.

ఈ రెండింటికీ లొంగకుండా ఒక ప్రమాదాన్ని గురించి రాయడం సాధ్యమేనా? సాధ్యమేనని చూపించిన రచయిత ఒకరున్నారు. పేరు టై గాన్యే. అమెరికా ఈశాన్య భాగంలో న్యూహాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రం ఆయనది. వృత్తి రచయిత కాడు. అక్కడి ఊళ్ళ పాలక సంస్థలకూ, పాఠశాలలకూ బీమా రక్షణ సమకూర్చే సంస్థకు అధిపతి. నష్టం రాకముందే దాన్ని ఊహించి లెక్క కట్టడం ఆయన పని. 2017లో "వేర్ యూ విల్ ఫైండ్ మీ", 2020లో "ది లాస్ట్ ట్రావర్స్", ఆ తర్వాత "ది లయన్స్ ఆఫ్ వింటర్" అనే మూడు పుస్తకాలు రాశాడు. మూడూ ఆ రాష్ట్రపు కొండల మీద చలికాలంలో జరిగిన నిజమైన ప్రమాదాల గురించే. ఈ మూడింటినీ వరసగా చదివితే ఒక విషయం తేటపడుతుంది. రచయిత చూపు కొండెక్కినవారి మీది నుంచి, వాళ్ళను వెతకడానికి వెళ్ళినవారి మీదికి మెల్లమెల్లగా జరుగుతూ వచ్చింది. ఈ రకం రచనకు గీటురాయి ఆ జరగడంలోనే ఉందని నా అభిప్రాయం.

ముందు ఆ కొండల సంగతి కొంచెం చెప్పుకోవాలి. దూరపు కొండలు నునుపు అన్న సామెత వాటికి బాగా వర్తిస్తుంది. అక్కడ అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 6,288 అడుగులు. కర్ణాటకలో ఉన్న మన పాఠకులకు చెప్పాలంటే చిక్కమగళూరు దగ్గరి ముళ్ళయ్యనగిరి అంత. పక్కనున్న మాడిసన్ శిఖరం 5,367 అడుగులు. మహారాష్ట్రలోని కల్సూబాయి కూడా ఇంచుమించు అంతే. ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకుని మనవాళ్ళు ఎక్కి దిగే ఎత్తు. ఊటీ దొడ్డబెట్ట వీటన్నిటికన్నా పొడుగు. కానీ మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద 1934 ఏప్రిల్ 12న గాలి గంటకు 231 మైళ్ళ వేగంతో వీచిందని అక్కడి పరిశీలన కేంద్రంలోని మనుషులు కొలిచి నమోదు చేశారు. తుపానులు నడిచే దారులు అక్కడికొచ్చి కలుస్తాయి. నాలుగున్నర వేల అడుగులు దాటేసరికి చెట్లు ఆగిపోతాయి. ఆ పైన గాలికి అడ్డు నిలిచేది ఏదీ ఉండదు. కాబట్టి కొండను అడుగుల్లో కొలిచి అపాయాన్ని అంచనా వేసేవాడు మొదటి మెట్టులోనే పొరబడతాడు.

మొదటి పుస్తకం కేట్ మట్రోసోవా అనే 32 ఏళ్ళ యువతి గురించి. పుట్టింది సైబీరియాలో. అమెరికా వచ్చి చదువుకుని, న్యూయార్కులో ఒక పెద్ద బ్యాంకులో ఉద్యోగం చేసేది. ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలూ ఎక్కాలన్నది ఆమె పట్టుదల. దెనాలి, ఎల్‌బ్రస్, కిలిమంజారో వంటివి అప్పటికే ఎక్కింది. 2015 ఫిబ్రవరి 15న తెల్లవారుజామున ఒంటరిగా బయలుదేరింది. మాడిసన్, ఆడమ్స్, జెఫర్సన్, వాషింగ్టన్ శిఖరాలను ఒకే పగటిలో దాటి అవతలి వైపు దిగాలన్నది పథకం. పెనుగాలీ, తీవ్రమైన చలీ వస్తాయని వాతావరణ సూచన ముందే చెప్పింది. అవి వచ్చేలోగా ముగించగలనని ఆమె లెక్క. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఆమె దగ్గరున్న పరికరం నుంచి ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం వెలువడింది. ఆ రాత్రి కొండ మీద గాలి గంటకు వంద మైళ్ళు దాటింది. చలి సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్‌ను మించిపోయింది. మరునాడు మాడిసన్, ఆడమ్స్ శిఖరాల నడుమ, స్టార్ లేక్ అనే చిన్న మడుగు దగ్గర ఆమె మృతదేహం దొరికింది.

ఇంతవరకు ఏ పత్రికయినా చెప్పగలదు. గాన్యే చేసిన పని వేరు. ఆమె వెంట ఉన్న దారి చూపే పరికరంలో నమోదైన వివరాలు, పరిశీలన కేంద్రంలో గంటగంటకూ రాసిపెట్టిన గాలి వేగాలు, వెతకడానికి వెళ్ళినవారి మాటలు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఆ రోజును మళ్ళీ నిలబెట్టాడు. ఫలానా గంటకు ఆమె ఎక్కడుంది, అప్పటికి గాలి ఎంత, ముందున్న దారి ఎంత, వెనక్కి వస్తే ఎంత. తీర్పు చెప్పడానికి తొందరపడడు. ఆ గంటలో ఆ మనిషికి తెలిసినదేమిటో చెప్పి ఊరుకుంటాడు. నిజంగా మంచి తనిఖీ నివేదిక ఇలాగే ఉంటుంది. తప్పు ఎవరిదని మొదటి పేజీలోనే తేల్చేసే నివేదిక ఎవరికీ ఉపయోగపడదు.

ఈ పద్ధతి వల్ల పాఠకుడికి తెలిసివచ్చేది ఒకటుంది. ప్రమాదం ఒక్క పెద్ద పొరపాటు వల్ల రాదు. ఒక్కొక్కటీ సబబుగానే కనిపించే చిన్న చిన్న నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని వస్తుంది. అప్పులిచ్చే బల్ల దగ్గర కూర్చున్నవాడికి ఇది కొత్త కాదు. ముంచిన ఖాతాల్లో ఎక్కువ భాగం మొదట్లో మంచి ఖాతాలే. వాయిదా తప్పినప్పుడు, ఇప్పటికే ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం ఇస్తే గట్టెక్కుతాడని కొత్త అప్పిచ్చి పాతది జమ చేసుకుంటాం. ఖాతా పైకి పచ్చగా కనిపిస్తుంది. లోపల నష్టం పెరుగుతూ ఉంటుంది. కొండ మీదా అంతే. ఎక్కిన ప్రతి గంటా వెనక్కి తిరగడాన్ని ఇంకొంచెం కష్టం చేస్తుంది. ఇంత దూరం వచ్చామన్న మాట ముందుకు వెళ్ళడానికి కారణం కాదు. కానీ అంతకన్నా బలంగా మనిషిని తోసేది మరొకటి లేదు.

ఒంటరి ప్రయాణం గురించి గాన్యే చెప్పినదానికి నేను ఒక మాట చేరుస్తాను. బ్యాంకులో అప్పు సిఫార్సు చేసే చేయి ఒకటి, మంజూరు చేసే చేయి మరొకటి. సిఫార్సు చేసినవాడికి తెలివి లేదని కాదు. తన సిఫార్సును తానే ప్రేమించడం మనిషి స్వభావం గనుక రెండో సంతకం పెట్టారు. ఒంటరిగా కొండెక్కేవారికి ఆ రెండో సంతకం ఉండదు. అడిగేదీ తామే, ఇచ్చేదీ తామే. మట్రోసోవా చివరికి వెనక్కి తిరిగింది. ఆమె ఆడమ్స్ దారిలో చాలా దూరం వెళ్ళి తిరిగి వస్తూ పడిపోయిందని నమోదులు చెబుతున్నాయి. అంటే బుద్ధి పనిచేసింది. పనిచేసేసరికి ఆలస్యమైంది. పక్కన ఇంకొకరు ఉండి ఉంటే అదే మాట రెండు గంటల ముందు పుట్టేదేమో.

ఆమె దగ్గర ఆపద సంకేత పరికరముంది, ఉపగ్రహ ఫోను ఉంది. వీటిని ధీమాగా భావించేవాళ్ళు ఈ పుస్తకం తప్పక చదవాలి. ఇవి తాకట్టు వంటివి. తాకట్టు అప్పు తీర్చదు. అప్పు తీరనప్పుడు దాన్ని అమ్మి సొమ్ము చేసుకోవచ్చునంతే, దానికీ వ్యవధి పడుతుంది. ఆ రోజు ఆ పరికరం పంపిన సంకేతాలు ఒకే చోటును చూపలేదు. చలిగాలిలో వేర్వేరు చోట్లను చూపుతూ వచ్చాయి. ఏది నిజమో తేల్చుకుంటూ మనుషులు కాలినడకన ఎక్కాలి. సంకేతం ఆకాశానికి క్షణంలో చేరుతుంది. సాయం నేల మీద నడిచి రావాలి. ఆ రెండింటి మధ్య ఉన్న గంటలను ఏ పరికరమూ తగ్గించదు.

పుస్తకానికి ఉన్న లోపాలు కూడా చెప్పాలి. గాన్యే మంచి కథకుడు, కానీ వృత్తి ఆయన్ను వదలదు. ఆ యువతి మంచులో నడుస్తుంటే కథ ఆపి, మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటాడన్న పాఠం మొదలుపెడతాడు. పాఠం సరైనదే. కాని ఆ కాసేపు కేట్ మనిషిగా కనుమరుగై ఉదాహరణగా మిగులుతుంది. చనిపోయినవారి మనసులోని మాటలు కల్పించకుండా ఉండడం ఆయన నిజాయితీ. ఆ ఖాళీని సిద్ధాంతంతో పూడ్చడం ఆయన తొందర. ఖాళీని ఖాళీగా వదిలేస్తే పాఠకుడు అక్కడ కాసేపు నిలబడి ఉండేవాడు.

రెండో ఇబ్బంది ఈ రకం రచన అంతటికీ ఉన్నది. ముగింపు తెలిశాక వెనక్కి చదివితే ప్రతి అడుగూ తప్పటడుగులాగే కనిపిస్తుంది. గాలి మూడు గంటలు ఆలస్యంగా లేచి ఉంటే ఇవే నిర్ణయాలను మనం ధైర్యమని పొగిడేవాళ్ళం. గెలిచినప్పుడు సాహసం, ఓడినప్పుడు దుస్సాహసం. మాట ఒక్కటే, ముందు చేరే అక్షరం మాత్రం ఫలితాన్ని బట్టి చేరుతుంది. గాన్యే ఈ ప్రమాదాన్ని ఎరిగినవాడే. అయినా అన్నిచోట్లా తప్పించుకోలేకపోయాడు.

అయితే ఈ లోపాలను మరిపించే భాగం ఒకటి ఆ పుస్తకంలో ఉంది. అదే వెతుకులాట. న్యూహాంప్‌షైర్‌లో కొండల్లో తప్పిపోయినవారిని వెతకవలసిన బాధ్యత చట్టప్రకారం చేపలు, వన్యప్రాణుల శాఖది. ఆ శాఖ అధికారులతో పాటు స్థానిక స్వచ్ఛంద దళాలవాళ్ళు వెళతారు. పగలు ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళు. రాత్రి ఫోను మోగితే సంచి భుజాన వేసుకుని బయలుదేరతారు. ఆ రాత్రి వాళ్ళు మనిషిని నిలబడనివ్వని గాలిలో చెట్ల హద్దు దాటి వెళ్ళారు. చర్మం ఏ కాస్త బయట కనిపించినా క్షణాల్లో గడ్డకట్టే చలి. వాళ్ళకొక నియమముంది. మొదట తన ప్రాణం, తర్వాత తోటివారి ప్రాణం, ఆ తర్వాతే ఆపదలో ఉన్నవారి ప్రాణం. వినడానికి స్వార్థంలా ఉంటుంది. కాని వెతకడానికి వెళ్ళినవాడు పడిపోతే అతణ్ణి వెతకడానికి ఇంకొందరు వెళ్ళాలి. ఆ నియమం ప్రకారం వాళ్ళు రాత్రి వెనక్కి తిరిగారు. బతికి ఉండవచ్చునన్న మనిషిని పైన వదిలి కిందికి దిగడం ఎంత బరువో ఆ పేజీల్లో తెలుస్తుంది. పుస్తకం మొత్తంలో సరైన సమయానికి వెనుదిరిగినవాళ్ళు వీళ్ళే. సాహసమంటే ముందుకు వెళ్ళడమేనని నమ్మేవారికి ఇంతకన్నా మంచి సమాధానం లేదు.

అప్పు పత్రం మీద జామీనుదారు సంతకం ఉంటుంది. అప్పు తీసుకున్నవాడు చేతులెత్తేస్తే జామీనుదారు కట్టాలి. చదివే చేస్తాడో చదవకుండానే చేస్తాడో గాని, సంతకం మాత్రం తన చేత్తో చేస్తాడు. కొండెక్కేవారికి కూడా జామీనుదార్లున్నారు. వాళ్ళు సంతకం చేయలేదు. వాళ్ళ పేర్లు ఎక్కేవారికి తెలియవు. అయినా బాకీ మాత్రం వాళ్ళ తలుపు తడుతుంది.

"ది లాస్ట్ ట్రావర్స్" ఈ విషయానికి ఇంకొంచెం దగ్గరగా వస్తుంది. 2008 ఫిబ్రవరిలో ఫ్రాంకోనియా కొండల మీద ఇద్దరు మిత్రులు తుపానులో చిక్కుకున్నారు. ఒకరు పోయారు, ఒకరు బతికారు. ఇక్కడ బతికినవాడి కంఠం ఉంది. వాళ్ళను దింపడానికి వచ్చిన హెలికాప్టరు సిబ్బంది కథ ఉంది. అందువల్ల మొదటి పుస్తకంలో లేని వెచ్చదనం దీనికి వచ్చింది. సిద్ధాంతం తగ్గింది, మనుషులు పెరిగారు.

"ది లయన్స్ ఆఫ్ వింటర్" నేరుగా జామీనుదారు దగ్గరికే వెళుతుంది. 1982 జనవరిలో హ్యూ హెర్ అనే 17 ఏళ్ళ కుర్రవాడు, జెఫ్ బాట్జర్ అనే 20 ఏళ్ళ మిత్రుడు మౌంట్ వాషింగ్టన్ మీద మంచుగడ్డ పట్టిన లోయగోడ ఎక్కి, తుపానులో దారి తప్పి కొండకు అవతలి వైపు దిగిపోయారు. వాళ్ళను వెతుకుతూ వెళ్ళిన ఆల్బర్ట్ డౌ అనే 28 ఏళ్ళ స్వచ్ఛంద సేవకుడు జనవరి 25న మంచుచరియ కింద పడి చనిపోయాడు. అతను వెతుకుతున్న వైపు ఆ కుర్రవాళ్ళు లేరు. మరునాడు వేరే లోయలో, మంచుమీద నడిచే చెప్పులతో అటుగా వెళ్ళిన ఒక మహిళకు వాళ్ళు ప్రాణాలతో కనిపించారు. హెర్‌కు మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ తీసేశారు. తర్వాత అతను మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆచార్యుడై కృత్రిమ కాళ్ళ నిర్మాణంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. డౌ మరణం తన మీద పెట్టిన బాధ్యతను గురించి బహిరంగంగా మాట్లాడాడు. తీర్చలేని బాకీని బతుకంతా వాయిదాల్లో కట్టడమంటే ఇదే.

ఆ రాష్ట్రంలో ఈ ఖర్చు గురించి చట్టం కూడా ఉంది. నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఆపద తెచ్చుకున్నవారి దగ్గర వెతుకులాట ఖర్చు వసూలు చేసే అధికారం 2008లో ప్రభుత్వానికి వచ్చింది. 2015 నుంచి ఇష్టమైనవారు కొనుక్కునేందుకు ఒక కార్డు పెట్టారు. మొదట్లో ధర మనిషికి 25 డాలర్లు, కుటుంబానికి 35. ఇది మంచి ఏర్పాటే. పెట్రోలుకూ, హెలికాప్టరుకూ, జీతాలకూ లెక్క కట్టవచ్చు. ఆల్బర్ట్ డౌకు ఏ పద్దు కింద రాస్తారు? చట్టం ఆగిపోయిన చోట సాహిత్యం మొదలుకావాలి. మూడో పుస్తకంలో గాన్యే చేసింది అదే.

ఇప్పుడు మన సంగతి. మట్రోసోవా పోయిన అయిదారు వారాలకే, 2015 మార్చి చివరలో, మల్లి మస్తాన్‌బాబు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనిపించకుండా పోయాడు. నెల్లూరు జిల్లా పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలోనూ, ఖరగ్‌పూర్ ఐఐటిలోనూ, కలకత్తా ఐఐఎంలోనూ చదివినవాడు. ఆమె ఏ ఏడు శిఖరాల కోసం తపించిందో వాటిని 2006లోనే 172 రోజుల్లో ఎక్కినవాడు. ఏప్రిల్ మొదట్లో చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే 6,700 మీటర్లు దాటిన పర్వతం మీద అతని మృతదేహం దొరికింది. ఆ నెలలోనే సొంత ఊళ్ళో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

అతని మీద తెలుగులో నేను చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం శ్రద్ధాంజలులే. ఆ గౌరవానికి అతను నూటికి నూరుపాళ్ళూ అర్హుడు. కాని శ్రద్ధాంజలి కూడా ఒక రకంగా మొదట చెప్పిన "రాత" వంటిదే. దండ వేశాక ఫోటోను ప్రశ్నలడగం. చివరి రోజుల్లో ఆ కొండ మీద వాతావరణం ఎలా ఉంది, ఎవరు ఎప్పుడు వెతకడం మొదలుపెట్టారు, అంత ఎత్తు నుంచి దేహాన్ని ఎవరి చేతులు దింపాయి, ఇవి రాయడం అతని గౌరవాన్ని తగ్గించదు. మన భాష తెలియని ఎవరో మన మనిషిని మోసుకొచ్చారు. వాళ్ళ పేర్లు మన పుస్తకాల్లో ఉండాలి.

ఇది దూరపు మాట కాదు. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్‌కు వెళ్ళిన, ఎక్కువమంది కర్ణాటకవారే ఉన్న 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. 9 మంది చనిపోయారు. మిగిలినవాళ్ళను వైమానిక దళమూ, రాష్ట్ర విపత్తు దళమూ దింపాయి. వెళ్ళినవారిలో వయసు మళ్ళినవాళ్ళున్నారు, కొండలకు కొత్తకానివాళ్ళున్నారు. అప్పుడు కూడా మన పరిచయస్తుల నోట విన్నవి ఆ రెండు మాటలే.

భాష దగ్గర కూడా మనకు ఒక చిక్కుంది. తెల్లవారి గడ్డి మీద ఉన్నది మంచు, దారి కనపడనివ్వనిది మంచు, ఆకాశం నుంచి దూదిలా రాలేది మంచు, కాలు జార్చే గాజులాంటి గడ్డ కూడా మంచే. మన నేలకు ఆ ఒక్క మాట చాలింది. కొండ మీద మాత్రం వీటిలో ఒకటి అందం, ఒకటి చావు. ఈ తేడాలను చెప్పగల తెలుగు వచనం ఇంకా తయారుకావాలి. హిందీ, మరాఠీ, కన్నడం, ఒరియా, తమిళం మధ్య బతుకుతున్న మనం మాట అరువు తెచ్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. రాయకపోవడానికే సిగ్గుపడాలి.

బెంగుళూరు, పుణే ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు చలికాలం రాగానే కేదార్‌కంఠ అనీ, జన్స్కార్ నది మీది గడ్డ దారి అనీ బయలుదేరుతున్నారు. వెళ్ళవద్దనే హక్కు మనకు లేదు, అంటే వినరు కూడా. గాన్యే పుస్తకాలు చదివాక వాళ్ళకు చెప్పదగిన మాట ఒకటి దొరుకుతుంది. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంట్లో ఉండగానే, ఒళ్ళు వెచ్చగా ఉన్నప్పుడే, కాగితం మీద రాయండి. దాన్ని వెంట వచ్చే మనిషి చేతికో, బృందం నాయకుడి చేతికో ఇచ్చి, ఆ గంట రాగానే నన్ను ఆపే అధికారం నీదే అని చెప్పండి. అది ఆ రెండో సంతకం. మీరెవరో తెలియని ఆల్బర్ట్ డౌ లాంటి మనిషి ఆ రాత్రి ఇంట్లో అన్నం తిని పడుకోవడానికి ఆ సంతకం పనికొస్తుంది.